ఇతరాల్లో వేసిన కబురు

మీ ముసాయిదా అందింది. మన గ్రంథాలయ ఉద్యోగుల మెయిలింగ్ లిస్టులో ఏ ప్రకటనలు వేయాలి, ఏవి వేయకూడదు అని కొత్త మోడరేటర్లు మీరు ముగ్గురూ కూర్చుని నాలుగు పేజీలు రాశారు. "మేడమ్, మీరు మొదట్నుంచీ ఉన్నవారు. చదివి శుక్రవారం లోపల మీ అభిప్రాయం చెప్పండి, వీలైతే ఆ రోజుల గురించి ఒక తీపి జ్ఞాపకం కూడా రాయండి" అన్నారు. చాలా మర్యాదగా అడిగారు. నేనూ మర్యాదగానే చదవడం మొదలుపెట్టాను. మూడో పేజీలో ఏడో అంశం దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఏడు. ఇతరాలు: పై విభాగాల్లో దేనికీ చెందని ప్రకటనలను ఒకచోట చేర్చి నెల చివరి రోజున పంపాలి."

ఈ వాక్యం మీది కాదు, నాది. అక్షరం మారలేదు. పాత ఫైలు ఎక్కడో దొరికి ఉంటుంది, బాగుందే అనుకుని దించేసుకుని ఉంటారు. నిజమే, బాగానే ఉంటుంది. నేను రాసిన రోజు కూడా నాకు ఎంతో బాగుంది. ఆ ఒక్క వాక్యం వల్ల ఏం జరిగిందో మీలో ఎవరికీ తెలియదు కాబట్టి చెబుతాను. తీపి జ్ఞాపకం నా దగ్గర లేదు. ఉన్నది ఇదే.

తిరుపతిలో ఒక కళాశాల గ్రంథాలయంలో నేను ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఎక్కువ కాలం పుస్తకాల వర్గీకరణే నా పని. కొత్త పుస్తకం వస్తే అది ఏ విషయం కిందికి వస్తుందో తేల్చి, వీపు మీద నంబరు వేసి, అరలోకి పంపాలి. అందులో నాకు పొగరు ఉండేది. అట్ట చూసి, విషయసూచిక తిరగేసి, నంబరు చెప్పేసేదాన్ని. ఏ అరలోనూ ఒదగని పుస్తకం నా దగ్గరికి వస్తే పండగ. దానికి చోటు దొరికేదాకా టీ కూడా తాగేదాన్ని కాదు. ఈ పొగరు సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా అందులోనే ఉంది.

లిస్టు మొదలైన కొత్తలో ఎవరు ఏది పంపితే అది అందరికీ పోయేది. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశాలు, పాత స్కూటర్ అమ్మకాలు, పొద్దున్నే పూల బొమ్మలు. అన్నిటికన్నా పెద్ద గోల దర్శనం గోల. ఇతర జిల్లాల నుంచి మన లిస్టులో చేరినవాళ్ళలో సగం మందికి గ్రంథాలయ శాస్త్రం మీద ఆసక్తి కన్నా తిరుపతిలో మనుషులున్నారన్న ధీమా ఎక్కువ. "మా బావమరిది వాళ్ళు ఎనిమిది మంది వస్తున్నారు, దర్శనం చేయించగలరా? కొండపైన గది దొరుకుతుందా?" అని రాసేవాళ్ళు. ఏదో దేవుడి తాళంచెవి మా పుస్తకాల అరల్లో దాచినట్టు. దానికి కింద ఇంకొకరు "మాకు కూడా" అని రాసేవాళ్ళు. అసలు ఒక సందేహం అడిగితే జవాబు ఆ గుంపులో ఎక్కడో నలిగిపోయేది.

అందుకని వచ్చినవి చూసి పంపడానికి మోడరేటర్లు ఉండాలన్నారు. ముగ్గురం అయ్యాం. పెద్దవారు ఒక సారు, రిటైరైన సీనియర్ లైబ్రేరియన్. జిల్లాలో లైబ్రేరియన్లు చాలామంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. రెండో ఆయన చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్. మంచివాడు, ఎవరు ఏమన్నా తలూపుతాడు. మూడోది నేను. ఒక ఆదివారం బస్టాండు దగ్గర హోటల్లో టిఫిన్ చేస్తూ నియమాలు రాసుకున్నాం.

"దర్శనం గోల ముందు ఆపాలప్పా," అన్నారు సారు. ముగ్గురం ఒప్పుకున్నాం.

"మా పాప పెళ్ళి పత్రిక వేయొచ్చా సార్?" అని అడిగాడు చిత్తూరాయన.

"వద్దు. సొంత విషయాలు వద్దు."

"సన్మానాలో?" అన్నాను నేను.

"అవి సొంత విషయాలు ఎట్లయితాయమ్మా? వృత్తికి జరిగే గౌరవం కదా. అవి వచ్చినాక వెంటనే పోవాల. వారం ఆగి పంపితే ఏం బాగుంటాది?"

చిత్తూరాయన తలూపాడు. సన్మానాలకు ఒక విభాగం ఏర్పడింది. అందులో వేసినది మోడరేటర్ చేయి పడగానే ఆ క్షణమే అందరికీ పోతుంది.

"మరి ఉద్యోగ ప్రకటనలు?"

"అవి పేపర్లో వస్తాయి. మనది పండితుల లిస్టమ్మా, ఎంప్లాయిమెంట్ ఆఫీసు కాదు."

నేను వాదించాలి. వాదించలేదు. ఎందుకంటే అప్పటికే నా తలలో ఒక అర తయారైపోయింది. ఏ విభాగంలోనూ పట్టనివన్నీ 'ఇతరాలు'లో వేసి, నెలాఖరున ఒక మూటగా కట్టి పంపిద్దాం అన్నాను. ఎంత శుభ్రమైన ఏర్పాటో అని ముగ్గురం మెచ్చుకున్నాం. నేను మరీ ఎక్కువగా మెచ్చుకున్నాను. ఇంటికి పోయి ఆ వాక్యాన్ని మూడుసార్లు దిద్ది రాశాను. మీరు దించుకున్నది ఆ మూడో ప్రతినే.

ఇప్పుడు పుత్తూరు ఆమె గురించి చెప్పాలి. పుత్తూరులో ఒక చిన్న కాలేజీ లైబ్రరీలో కాంట్రాక్టు మీద పనిచేసేది. ఏటేటా కాగితం మార్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒక శిక్షణ తరగతిలో నా దగ్గర వర్గీకరణ నేర్చుకుంది. నేర్చుకోవడం అంటే మామూలుగా కాదు, నేను వేసిన నంబరు తప్పని రెండుసార్లు పట్టుకుంది. అప్పట్నుంచి నన్ను అక్కా అనేది. లిస్టులో ఆమెను నేనే చేర్చాను. "ఇందులో ఉంటే చాలు, ఏ పోస్టు పడినా నీకు తెలుస్తుంది" అని నేనే చెప్పాను. ఈ మాట కూడా గుర్తుపెట్టుకోండి.

లిస్టులో ఆమె ఊరు తెలియగానే జనం వదల్లేదు. పుత్తూరు అనగానే అందరికీ ఎముకల కట్టే కదా గుర్తొచ్చేది. కాలు మడతపడినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, వాళ్ళ అత్తలు, పిన్నమ్మలు, అందరి తరఫునా ఈమెకే ఫోన్లు. ఏ పొద్దు వస్తే రద్దీ తక్కువ, ఎన్ని వారాలకు కట్టు విప్పుతారు, బస్సు దిగి ఎటు పోవాలి అని ఓపికగా చెప్పేది. కొందరికి తానే ఎదురుపోయి తోడు నిలబడేది. ఒకసారి నేను విసుక్కుంటే, "పోనీలేక్కా, నొప్పితో అడుగుతారు" అంది.

ఆ నెల తొమ్మిదో తేదీ పొద్దున లైబ్రరీ తెరవగానే మెయిల్ చూశాను. చిత్తూరులో ఒక ట్రస్టు కాలేజీ పంపిన ప్రకటన. అసిస్టెంట్ లైబ్రేరియన్, శాశ్వత పోస్టు, ఒకటే. మొదటి రెండు వరుసలు చదివాను. ఉద్యోగం. ఉద్యోగానికి విభాగం లేదు. కాబట్టి ఇతరాలు. లాగి అందులో పడేశాను. అర నిమిషం పట్టలేదు. ఆ మూటలో అప్పటికే ఎవరిదో ఫోన్ నంబరు మారిన కబురు, ఎవరో వదిలించుకోవాలనుకున్న పాత కార్డుల బీరువా, సదస్సులో మరిచిపోయిన గొడుగు ఒకటి ఉన్నాయి. వాటి పక్కన ఈ పోస్టు కూర్చుంది. నేను చేతులు దులుపుకుని కొత్త పుస్తకాల దగ్గరికి పోయాను.

అదే వారం సారుకు ఒక కల్యాణ మండపంలో సన్మానం జరిగింది. శాలువాతో ఫోటోలు వచ్చాయి. కూర్చుని ఒకటి, నిలబడి ఒకటి, శాలువా కప్పుతుండగా, కప్పాక, దండతో, దండ తీశాక. అన్నీ వెంటనే పంపాను. నియమం అదే కదా. పది రోజులపాటు అందరూ అభినందనలు రాస్తూనే ఉన్నారు. ఆ పది రోజులూ ఆ పోస్టు మూటలో గొడుగు పక్కన పడి ఉంది.

ముప్పయ్యో తేదీ సాయంత్రం మూట పంపాను.

రెండో రోజు పొద్దున పుత్తూరు ఆమె మా లైబ్రరీకి వచ్చింది. చేతిలో ఒక కాగితం, నా మూటనే అచ్చు తీసి తెచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏమక్కా, ఇది ఇప్పుడా పంపేది?"

నాకు అర్థం కాలేదు. కాగితం తీసుకుని చూశాను. ఆమె వేలు పెట్టిన చోట 'దరఖాస్తులకు చివరి తేదీ: ఇరవై ఐదు' అని ఉంది. నేను చదవని మూడో వరుస అది.

"మీకు ఎప్పుడు వచ్చినాదక్కా ఇది?"

అబద్ధం చెప్పొచ్చు. ఆలోచన రాలేదని అనను. "తొమ్మిదో తేదీ," అన్నాను.

"పదహారు దినాలు గడువు ఉండాది. మీ దగ్గిరే పెట్టుకున్నారా?"

"అది ఇతరాల కిందికి వస్తుంది. రూలు..." అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇన్నేళ్ళయినా గుర్తొస్తే నాలుక కొరుక్కుంటాను.

ఆమె నా బల్ల మీదున్న పుస్తకం ఒకటి తీసి చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. "ఇదేందక్కా?"

"తేదీ చీటీ." తీసుకున్నవాళ్ళు ఎప్పటిలోగా పుస్తకం తిరిగి ఇవ్వాలో ముద్ర వేయడానికి ప్రతి పుస్తకం వెనకా మేము అంటించే కాగితం.

"పుస్తకం యాడ ఉండాలో వీపు మీద నంబరు చెప్తాది. ఎప్పటికి రావాలో ఈ చీటీ చెప్తాది. రెండూ సూడాలని మీరే కదా నేర్పించినారు. నా కబురుకు నంబరు సూసినారు. తేదీ సూడలేదు."

"వచ్చే జూలైకి నాకు వయసు దాటిపోతాదక్కా. ఇదే ఆఖరుది," అంది. గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి, ఓదార్చానన్న తృప్తితోనైనా నేను బతికేదాన్ని.

మరునాడు సెలవు పెట్టి ఇద్దరం బస్సులో చిత్తూరు పోయాం. ఆ కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంట్ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు, విన్నాడు. "మీ లిస్టులో వేయండని మేమే కదమ్మా పంపినాం. మీరే పెట్టుకోని, మీరే వచ్చి గడువు పెంచమంటే మేమేం చేసేది? నిన్న కాగితాలన్నీ కమిటీకి పోయినాయి," అన్నాడు. తప్పు పట్టడానికి అందులో ఒక్క మాట లేదు. ఆయన మీద కోప్పడదామని పోయి ఊరికే తిరిగొచ్చాను.

తిరుగు బస్సులో ఆమెకు ఫోన్ వచ్చింది. లిస్టులో ఎవరో, వాళ్ళ అమ్మ మణికట్టు విరిగిందట. "శనివారం రావద్దండి, రద్దీ. సోమవారం పొద్దున్నే రాండి. నేను ఆడనే ఉంటాను," అని చెబుతోంది. పక్కసీట్లో కూర్చుని నేను కిటికీ బయటికి చూశాను.

ఆ ఆదివారం అదే హోటల్లో ముగ్గురం కలిశాం. నేనే పిలిచాను. జరిగింది చెప్పి, తప్పు నాదని చెప్పి, నియమం మార్చాలన్నాను.

"మార్చేదేముందమ్మా? లిస్టులో వేసినాం కదా, రికార్డు ఉండాది. మన బాధ్యత తీరిపాయ," అన్నారు సారు. దోసె తుంచుకుంటూ అన్నారు.

"గడువు దాటినాక వేస్తే వేసినట్టా సార్?"

అప్పుడు చిత్తూరాయన, పాపం ఊరడిద్దామనే అనుకుంటా, నోరు జారాడు. "సార్ తొమ్మిదో తేదీ పొద్దునే ఫోన్లు చేసినారు కదా మేడమ్, మనవాళ్ళకు చెప్పమని. నాకూ చేసినారు. మీకు తెలీదా?"

నాకు తెలియదు. మోడరేటర్లం కాబట్టి ఆ ప్రకటన ఆయన కంట్లోనూ నా కంట్లోనూ ఒకే పొద్దున పడింది. నేను మూటలో వేశాను. ఆయన ఫోన్ తీశారు. ఆయన దగ్గర చదువుకున్న ఒకతనికి ఆ పోస్టు తర్వాత వచ్చింది కూడా. అతని తప్పేమీ లేదు, పనిమంతుడే. కానీ పనిమంతురాలు ఇంకొకతె ఉందని ఆ కమిటీకి తెలియనే లేదు.

"చెప్తే తప్పేమమ్మా?" అన్నారు సారు. "తెలిసినోళ్ళకు చెప్పుకుంటాం. ఆమె నంబరు నా దగ్గిర యాడుండాది?"

నాకు అంతకుముందెప్పుడూ అంత కోపం రాలేదు, ఆ తర్వాతా రాలేదు. "మీ ఇంటావిడకు చెయ్యి విరిగినప్పుడు పుత్తూరులో ఎవరికి ఫోన్ చేసినారు సార్?" అన్నాను. "బస్టాండు కాడికి వచ్చి మిమ్మల్ని పిల్చుకోని పోయింది ఎవురు? ఆ పొద్దు నంబరు ఉండె కదా!"

హోటలంతా మావైపు తిరిగింది. సారు చేయి కడుక్కోవడానికి లేచారు. తిరిగి వచ్చి, "ఆవేశం మంచిది కాదమ్మా," అన్నారు. చిత్తూరాయన ఆయనకేసి, నాకేసి చూసి, ఇద్దరికీ తలూపాడు.

మరుసటి రోజు ఆమె లిస్టుకు ఒక చిన్న ఉత్తరం పంపింది. నాకు నోటికి వచ్చు. "తొమ్మిదో తేదీ వచ్చిన ఉద్యోగ ప్రకటన నాకు ముప్పయ్యో తేదీ అందింది. గడువు ఇరవై ఐదు. ఈ కబురు ముందే తెలిసినవారు ఉంటే, ఎలా తెలిసిందో దయచేసి చెప్పండి. ఇకమీదట నేను కూడా అలాగే తెలుసుకుంటాను." అంతే. ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ లేదు.

సారు నుంచి నాకు ఒక్క వరుస వచ్చింది: "సొంత విషయం. ఆపండి."

ఆపడానికి నా చేతిలో మీట ఉంది, పంపడానికీ ఉంది. ఇతరాల్లో వేస్తే నెలాఖరుదాకా కదలదు. వెంటనే అందరికీ పోయే విభాగం ఒక్కటే. నా ముప్పై ఏళ్ళ వర్గీకరణలో తెలిసి తెలిసి వేసిన తప్పు నంబరు అదొక్కటే. ఆ ఉత్తరాన్ని 'సన్మానాలు' కింద పెట్టి పంపేశాను.

తర్వాత జరిగింది వినండి, నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం. పావుగంటలో జవాబులు మొదలయ్యాయి. "హృదయపూర్వక అభినందనలు మేడమ్." "మీరు మరిన్ని శిఖరాలు అధిరోహించాలి." "మన వృత్తికే గర్వకారణం." చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు. విభాగం పేరు చూసి, లోపల ఏముందో చదవకుండా, పుస్తకాలు చదివించే ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఉద్యోగావకాశం పోగొట్టుకున్న మనిషిని అభినందించారు. ఒకరు ఫోటో ఏదని కూడా అడిగారు. వాళ్ళను తిట్టాలని కూర్చున్నాను. తిట్టలేకపోయాను. తొమ్మిదో తేదీన నేను చేసింది అక్షరాలా అదే కదా. విభాగం చూశాను, ఉత్తరం చదవలేదు.

సాయంత్రానికి కొందరు చదివారు. ముందు ఒకరు సిగ్గుపడి రాశారు, తర్వాత ఇంకొకరు. ఎలా తెలిసిందో చెప్పండి అన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. ఆ రాత్రికే నన్ను మోడరేటర్ పని నుంచి తీసేశారు. ఆ కబురు 'అభినందనలు, కృతజ్ఞతలు' అనే మాటలతో సన్మానాల విభాగంలోనే వచ్చింది. నా సేవలు మరువలేనివట.

ఆ తర్వాత ఉద్యోగ ప్రకటనలు వచ్చిన రోజే పోవడం మొదలైంది. నియమం మారిందని ఎవరూ చెప్పలేదు, ఎందుకు మారిందో అసలే చెప్పలేదు. అందుకే పాత ఫైలులో ఏడో అంశం చెక్కుచెదరకుండా ఉండి మీ చేతికి వచ్చింది. తప్పును రాసి పెట్టనివాళ్ళం మళ్ళీ లైబ్రేరియన్లం!

ఆమెకు ఆ జూలైతో వయసు దాటిపోయింది. తర్వాత పడిన పోస్టులన్నీ ఆమెకు ఠంచనుగా అందాయి. దేనికీ దరఖాస్తు చేయడానికి లేదు. ఇప్పటికీ పుత్తూరులో అదే కుర్చీ, ఏటేటా అదే కాగితం. అక్కడికి కొత్తగా వచ్చే పర్మనెంటు వాళ్ళకు పని నేర్పేది ఆమే.

కాబట్టి నా అభిప్రాయం రాసుకోండి. ఏడో అంశం కొట్టేయండి. సర్దకండి, మార్చకండి, కొట్టేయండి. ఏ కబురు వచ్చినా అది ఏ విభాగమని తర్వాత చూసుకోవచ్చు. ముందు చివరి వరుసదాకా చదవండి, తేదీ ఉందేమో చూడండి. తేదీ ఉంటే ఆ పొద్దే పంపండి. అది మీకు చిన్నదిగా కనిపించినా, మీ లిస్టు పరువుకు తక్కువైనా, పంపండి. దానికోసం ఎవరు ఎదురుచూస్తున్నారో మీకు తెలియదు. ఇంకొకటి, లిస్టులో వేయడానికి ముందు మీలో ఎవరైనా ఫోన్ తీశారా, ఆ మనిషిని ఆ రోజే పంపించేయండి. శాలువా కప్పి పంపినా నాకు అభ్యంతరం లేదు.

ఇదంతా రాసే ముందు ఈ పొద్దున ఆమెకు ఫోన్ చేశాను. నీ సంగతి రాయొచ్చా అని అడిగాను.

"రాసుకోండక్కా, నాకేం. పేరు మాత్రం వద్దు."

"పేరు ఎవరిదీ పెట్టను."

"వాళ్ళకు ఎప్పటికి అందాల?"

"శుక్రవారం లోపల ఇవ్వమన్నారు. ఈ పొద్దు మంగళవారమే కదా, ఇంకా టైముంది. నిదానంగా దిద్ది పంపుతా."



"దిద్దొద్దక్కా," అంది. "ఈ పొద్దే పంపండి."

పంపుతున్నాను.